వీఎఫ్ఐఓ కార్డు ఉన్న వీఎం లైవ్ మైగ్రేషన్ పూర్తవట్లేదు, ప్రతి రౌండ్‌కీ మొత్తం ర్యామ్ డర్టీ అని చూపిస్తోంది

రాత్రిషిఫ్ట్
256 జీబీ ర్యామ్ ఉన్న వీఎం (హోస్ట్ సర్వర్ మీద నడిచే వర్చువల్ మెషీన్, దాన్నే గెస్ట్ అంటాం), లోపల డేటాబేస్. నెట్‌వర్క్ కార్డులోంచి ఒక వీఎఫ్‌ని (కార్డులో ఒక వాటా, వర్చువల్ ఫంక్షన్) వీఎఫ్ఐఓతో, అంటే హార్డ్‌వేర్‌ని వీఎంకి అప్పగించే కెర్నల్ సౌకర్యంతో, నేరుగా ఇచ్చాం (పాస్‌త్రూ). హోస్ట్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంది కాబట్టి దీన్ని పక్క హోస్ట్‌కి లైవ్‌గా, అంటే నడుస్తుండగానే, పంపాలి. మొదటి రౌండ్‌లో మొత్తం ర్యామ్ వెళ్తుంది, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత రౌండ్లలో మధ్యలో మారిన పేజీలే (డర్టీ) వెళ్లాలి. రెండో రౌండ్ మొదలవగానే మిగిలింది మళ్లీ 256 జీబీ అంటుంది. ఆ తర్వాత రౌండ్ కూడా అంతే, ఎంతసేపు వదిలేసినా అంతే. డేటాబేస్ ఆపేసి చూశా, అప్పుడూ అదే. అదే వీఎంని వర్టియో-నెట్‌తో (సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ కార్డు) లేపితే చక్కగా వెళ్లిపోతోంది. మధ్యలో లింకు 25 గిగాబిట్, కెర్నల్ 6.1, క్యూఎము (వీఎంని నడిపే ప్రోగ్రాం) 8.2. పనేమీ లేకుండా కూర్చున్న వీఎం 256 జీబీ మెమరీలో ఎలా రాస్తోంది? శనివారం రాత్రి మెయింటెనెన్స్ విండో ఉంది, టెన్షన్‌గా ఉంది.

మిర్చిబజ్జి64
బ్యాండ్‌విడ్త్ లిమిట్ పెంచారా? క్యూఎము డిఫాల్ట్ సెకనుకు 128 ఎంబీయే. చాలామంది దాన్ని ముట్టుకోకుండా లింకు మీద అనుమానపడతారు.

రాత్రిషిఫ్ట్
పెంచాను. లింకు నిండా వెళ్తోంది, గ్రాఫ్‌లో కనిపిస్తోంది. వేగం సమస్య కాదు, మిగిలింది తగ్గకపోవడమే సమస్య.

ఓరుగల్లు_రూట్
ఆటో-కన్వర్జ్ ఆన్ చేయండి బ్రో. వీసీపీయూలని (వీఎంకి ఇచ్చిన సీపీయూలు) 20 శాతంతో మొదలుపెట్టి పదేసి శాతం చొప్పున 99 దాకా నొక్కుతుంది. గెస్ట్ రాసే వేగం పడిపోతుంది, మైగ్రేషన్ ముందుకెళ్తుంది. మా దగ్గర పెద్ద జావా వీఎంలన్నీ అలాగే దాటిస్తాం.

పేజీటేబుల్
ఓరుగల్లు గారూ, ఇక్కడ అది పనికిరాదు. ఆయన డేటాబేస్ ఆపి చూశానన్నారు కదా, వీసీపీయూ అసలే ఖాళీ. దాన్ని ఇంకా నొక్కితే ఏం తగ్గుతుంది?

కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఇక్కడ తరచూ వస్తుంది. గెస్ట్ ఏ పేజీలో రాసిందో కేవీఎంకి (వీఎంలని నడిపే కెర్నల్ భాగం) తెలిసేది సీపీయూ పేజీ టేబుళ్ల ద్వారా. పేజీలని రైట్-ప్రొటెక్ట్ చేసి ఫాల్ట్ వచ్చినప్పుడు బిట్ పెట్టుకోవడం ఒక పద్ధతి. ఇంటెల్‌లో బ్రాడ్‌వెల్ తరం నుంచి పీఎంఎల్ (పేజ్ మాడిఫికేషన్ లాగింగ్) ఉంది, రాసిన పేజీల అడ్రసులు ఒక బఫర్‌లో పడుతుంటాయి, 512 ఎంట్రీలు నిండగానే కేవీఎం వచ్చి తీసుకుంటుంది. ఏ పద్ధతైనా గమనించేది సీపీయూ చేసిన రాతల్నే. నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్‌ని డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా) మెమరీలో పెట్టేటప్పుడు ఆ దారిలో రాదు. దానికి ఐఓఎంఎంయూ (డివైస్‌ల మెమరీ అడ్రసులు మార్చి ఇచ్చే హార్డ్‌వేర్) వేరు, ఆ పేజీ టేబుళ్లు వేరు. ముందు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేవాళ్ల పేర్లు రాసుకుంటుంటే పెరటి తలుపులోంచి వచ్చినవాళ్లు పుస్తకంలోకి ఎక్కరు, అంతే.

మరి డివైస్ ఏ పేజీలో రాసిందో తెలియనప్పుడు క్యూఎము ఏం చేయాలి? డివైస్‌కి మ్యాప్ చేసిన ప్రతి పేజీలోనూ రాసి ఉండొచ్చు అనుకోవాలి, వేరే దారి లేదు. పాస్‌త్రూ వీఎంలో గెస్ట్ ర్యామ్ మొత్తం పిన్ అయి (చోటు కదలకుండా), మొత్తం మ్యాప్ అయి ఉంటుంది. కాబట్టి అడిగిన ప్రతిసారీ జవాబు 256 జీబీయే. మీ వీఎం నిజంగా అంత రాయట్లేదు, ఎంత రాసిందో చెప్పేవాళ్లు లేరు.

కొబ్బరిచిప్ప
పేరుకు తగ్గట్టు రాశారు అన్నా. ఒక డౌట్. వర్టియో-నెట్ మాత్రం ఎలా వెళ్లిపోతోంది? అక్కడ కూడా ప్యాకెట్‌ని మెమరీలో పెట్టేది గెస్ట్ సీపీయూ కాదుగా, హోస్ట్ కదా.

పేజీటేబుల్
మంచి ప్రశ్న. వర్టియోలో రాసేది హోస్ట్ సాఫ్ట్‌వేర్, అది తను రాసిన పేజీని తనే చెప్తుంది. క్యూఎము లోపలి డివైస్ అయితే తన డర్టీ బిట్‌మ్యాప్‌లో గుర్తు పెడుతుంది. వీహోస్ట్ (క్యూఎము బయట, హోస్ట్‌లో ప్యాకెట్ల పని చేసేది) అయితే మైగ్రేషన్ మొదలవగానే దానికి లాగింగ్ ఆన్ చేసి ఒక లాగ్ మెమరీ ఇస్తారు, ప్యాకెట్ పెట్టాక ఆ పేజీ బిట్ తనే వేస్తుంది. నిజమైన హార్డ్‌వేర్‌కి ఈ అలవాటు లేదు, ఎవరో ఒకరు నేర్పాలి.

తుంగభద్ర
రాత్రిషిఫ్ట్ గారూ, కమాండ్ లైన్‌లో ఎనేబుల్-మైగ్రేషన్ ఆన్ అని ఉందా? డిఫాల్ట్ ఆటో. ఆటోలో ఉంటే 8.2 ఇలాంటి డివైస్‌ని మైగ్రేట్ చేయనివ్వదు, డివైస్ డర్టీ ట్రాకింగ్ సపోర్ట్ చేయట్లేదని బ్లాక్ చేస్తుంది. ఆన్ అని బలవంతం చేస్తే వార్నింగ్ ఇచ్చి వదిలేస్తుంది. లాగ్ చూడండి.

రాత్రిషిఫ్ట్
ఉంది. టెంప్లేట్‌లో మొదటి నుంచీ ఆన్ అని ఉంది, పాత టీం పెట్టింది. లాగ్‌లో మీరన్న వార్నింగే కనిపిస్తోంది. అంటే డ్రైవర్‌కి డివైస్ స్టేట్ పంపడం వచ్చు, డర్టీ ట్రాకింగ్ రాదు, అంతేనా?

తుంగభద్ర
అంతే. రెండూ వేరువేరు సౌకర్యాలు. మైగ్రేషన్ స్టేట్‌ల కొత్త ప్రోటోకాల్ కెర్నల్ 5.18లో వచ్చింది, డీఎంఏ లాగింగ్ 6.1లో. డ్రైవర్ మొదటిది రాసి రెండోది రాయకపోవచ్చు. చాలా కార్డులకి రాయలేరు కూడా, ఆ పని చేసే హార్డ్‌వేరే లోపల ఉండదు.

డల్లాస్_ఆప్స్
దీనికి ఇంకో ప్రాపర్టీ ఉంది, ప్రీ-కాపీలో (వీఎం నడుస్తుండగా సాగే రౌండ్లు) డర్టీ పేజ్ ట్రాకింగ్ ఆఫ్ చేసేది. అది పెడితే వీఎఫ్ఐఓ పేజీలని చివర్లో వీఎం ఆగాకే లెక్కలోకి తీసుకుంటుంది. మధ్య రౌండ్లు వెంటనే తగ్గిపోతాయి. మేము వాడాం, మైగ్రేషన్ పూర్తయింది.

పేజీటేబుల్
పూర్తయింది, కానీ వీఎం ఎంతసేపు ఆగింది? రౌండ్లు తగ్గినట్టు కనిపిస్తాయి, క్యూఎము ఇక అయిపోయిందనుకుని వీఎంని ఆపుతుంది, అప్పుడు డివైస్ పేజీలన్నీ ఒక్కసారి డర్టీ అవుతాయి. 256 జీబీని 25 గిగాబిట్ లింకులో పంపడానికి, లింకు పూర్తిగా మనదే అనుకున్నా, 88 సెకన్లు. డిఫాల్ట్ డౌన్‌టైమ్ లిమిట్ (వీఎం ఎంతసేపు ఆగొచ్చో క్యూఎముకి చెప్పే హద్దు) 300 మిల్లీసెకన్లు. డేటాబేస్ కనెక్షన్లన్నీ తెగిపోతాయి, క్లస్టర్ అయితే ఆ నోడ్ చనిపోయిందని బయటకు నెట్టేస్తుంది. దాన్ని లైవ్ మైగ్రేషన్ అనలేం.

డల్లాస్_ఆప్స్
మావి 8 జీబీ వీఎంలు, 100 గిగాబిట్ లింకు, ఒక సెకను లోపే అయిపోయేది. 256కి కుదరదు, ఒప్పుకుంటాను.

కొబ్బరిచిప్ప
పోస్ట్-కాపీ? ముందు వీఎంని అవతల లేపేసి, కావాల్సిన పేజీలు తర్వాత తెచ్చుకోవచ్చుగా.

తుంగభద్ర
పాస్‌త్రూ డివైస్‌తో కుదరదు. పోస్ట్-కాపీ పేజ్ ఫాల్ట్ మీద నడుస్తుంది. ఇంకా రాని పేజీని సీపీయూ తాకితే ఫాల్ట్ తీసుకుని ఆగుతుంది, పేజీ వచ్చాక ముందుకెళ్తుంది. మామూలు డివైస్ డీఎంఏ మధ్యలో అలా ఆగలేదు, అందుకే మెమరీ మొత్తం ముందే పిన్ చేస్తారు.

రాత్రిషిఫ్ట్
అయితే నిజమైన పరిష్కారం ఏమిటి? శనివారానికి ఒకటి, శాశ్వతంగా ఒకటి చెప్పండి.

ఓరుగల్లు_రూట్
శనివారానికైతే వీఎఫ్ తీసేయడమే మేలు. వర్టియో-నెట్ ఫెయిలోవర్ ఉంది, గెస్ట్ కెర్నల్ 4.18, క్యూఎము 4.2 నుంచి. ఒకే మ్యాక్ అడ్రస్‌తో వర్టియో ఒకటి స్టాండ్‌బైగా, వీఎఫ్ ప్రైమరీగా. మైగ్రేషన్ మొదలవగానే క్యూఎమునే వీఎఫ్‌ని హాట్-అన్‌ప్లగ్ చేస్తుంది, ట్రాఫిక్ వర్టియో మీదకి జారుతుంది, అవతలికి చేరాక కొత్త వీఎఫ్ పెడుతుంది. మీ వీఎం అలా కాన్ఫిగర్ అయి లేకపోతే ఇప్పుడు ఒక వర్టియో కార్డు హాట్-ప్లగ్ చేసి, గెస్ట్ లోపల యాక్టివ్-బ్యాకప్ బాండ్ (ఒక కార్డు పోతే ఇంకోటి అందుకునే జత) వేసి, వీఎఫ్ తీసేయండి. కాసేపు వేగం తగ్గుతుంది, డేటా మాత్రం భద్రం.

పేజీటేబుల్
శనివారానికి ఇదే సరైనది. శాశ్వతానికి రెండు దారులు.

ఒకటి, డివైస్ తనే లెక్క రాయడం. ఎన్‌విడియా (మెలనాక్స్) కార్డుల ఎంఎల్ఎక్స్5 డ్రైవర్ ఇలా చేస్తుంది. ఫలానా అడ్రస్ రేంజ్‌లో గమనించు అని చెప్తే కార్డు తను రాసిన పేజీలు నమోదు చేస్తుంది, అడిగినప్పుడు బిట్‌మ్యాప్ ఇస్తుంది. 4 కేబీ పేజీకి ఒక బిట్ చొప్పున 256 జీబీకి బిట్‌మ్యాప్ 8 ఎంబీయే. అయితే కార్డు గమనించగల రేంజ్‌ల సంఖ్యకి పరిమితి ఉంటుంది, అందుకే క్యూఎము చిన్న చిన్న మ్యాపింగ్‌లన్నీ కలిపి 4 జీబీ కింద ఒకటి, పైన ఒకటి అన్నట్టు పెద్ద రేంజ్‌లు చేసి ఇస్తుంది.

రెండు, ఐఓఎంఎంయూ లెక్క రాయడం. సీపీయూ పేజీ టేబుల్‌లో లాగానే ఐఓఎంఎంయూ టేబుల్‌లోనూ డర్టీ బిట్. డివైస్ రాయగానే ఐఓఎంఎంయూ హార్డ్‌వేర్ ఆ బిట్ వేస్తుంది. కెర్నల్ 6.7లో ఐఓఎంఎంయూఎఫ్‌డీ (ఐఓఎంఎంయూని వాడుకునే కొత్త కెర్నల్ ఇంటర్‌ఫేస్) ద్వారా ఇంటెల్, ఏఎండీ రెండింటికీ వచ్చింది. క్యూఎములో 9.1 నుంచి.

నా ఓటు రెండోదానికే. డివైస్ ఏ కంపెనీదైనా పనిచేస్తుంది. వాళ్ల ఫర్మ్‌వేర్ సరిగా లెక్క రాస్తుందో లేదో అని మనం నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.

నీలితెర
పూర్తిగా ఒప్పుకోను. ఐఓఎంఎంయూ డర్టీ బిట్ ఏ పేజీ సైజుతో మ్యాప్ అయిందో ఆ సైజుకే. 2 ఎంబీ పేజీ అయితే 64 బైట్ల ప్యాకెట్ పడినా 2 ఎంబీ డర్టీ, అంటే 512 చిన్న పేజీలు మళ్లీ పంపాలి. డివైస్ ట్రాకర్ అయితే ఐఓఎంఎంయూ మ్యాపింగ్‌తో సంబంధం లేకుండా 4 కేబీలో చెప్పగలదు. కేవీఎం వైపు లాగింగ్ మొదలవగానే పెద్ద పేజీలని చిన్నవిగా విడగొడతారు, ఐఓఎంఎంయూ వైపు అలా నడుస్తుండగా విడగొట్టడం లేదు.

పేజీటేబుల్
ఆ లోపం నిజమే, కాదనను. అయినా 256 జీబీకి బదులు కొన్ని వందల ఎంబీ వస్తే చాలు కదా.

నీలితెర
వందల ఎంబీ అని గ్యారంటీ ఏమిటి? గెస్ట్ ఏం చేస్తోందో దాని మీద ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు రింగ్ బఫర్లు తిప్పి తిప్పి వాడుతుంది, డీపీడీకే (కెర్నల్‌ని దాటి ప్యాకెట్లు నడిపే లైబ్రరీ) అయితే ఒకే పూల్‌లో తిరుగుతుంది, ఎంత ట్రాఫిక్ వచ్చినా పేజీలు అవే. అదే పాస్‌త్రూ స్టోరేజ్ అనుకోండి. డిస్క్ నుంచి చదవడం అంటే డివైస్ మెమరీలో రాయడం. రీడ్-ఓన్లీ క్వెరీ నడుస్తోంది, ఏమీ మారట్లేదు అనుకుంటాం, పేజ్ క్యాష్ నిండుతూ కొత్త కొత్త పేజీలు డర్టీ అవుతూనే ఉంటాయి.

కొబ్బరిచిప్ప
చదివితే మెమరీలో రాసినట్టు! ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. స్టోరేజ్ వైపు ఎన్‌వీఎంఈకి ఇలాంటి ట్రాకింగ్ ఉందా?

నీలితెర
స్పెసిఫికేషన్‌లో ఉంది. 2024లో వచ్చిన ఎన్‌వీఎంఈ 2.1లో కంట్రోలర్ మైగ్రేషన్ కమాండ్లు, హోస్ట్ మెమరీలో మార్పులు గమనించే ట్రాక్ కమాండ్లు చేర్చారు. డ్రైవ్‌లో ఉందో లేదో వెండర్‌ని అడిగి కొనాలి.

సర్వర్‌రూం_సత్యం
ఇక్కడ వేగం గురించి చాలా మాట్లాడారు. నేను ఎక్కువ భయపడేది రెండో రకం తప్పుకి, ట్రాకర్ తక్కువ చెప్పడానికి. ట్రాకర్ ఎక్కువ చెప్తే మైగ్రేషన్ ఆలస్యమవుతుంది, అంతే. తక్కువ చెప్తే పాత పేజీ అవతలికి వెళ్లిపోతుంది, వీఎం హాయిగా లేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, డేటా పాడై ఉంటుంది.

మేము ఒక స్టోరేజ్ యాక్సిలరేటర్ కార్డు పరీక్షించాం, వెండర్ పేరు రాయను, డ్రైవర్ మెయిన్‌లైన్ కెర్నల్‌లోది కాదు. గెస్ట్‌లో ఎఫ్ఐఓ (డిస్క్ పరీక్షించే టూల్) వెరిఫై మోడ్‌లో, సీఆర్‌సీ32సీ చెక్‌సమ్ పెట్టి, డైరెక్ట్ ఐఓతో నడిపిస్తూ వీఎంని అటూ ఇటూ మైగ్రేట్ చేశాం. కొన్నిసార్లు శుభ్రంగా పాస్. కొన్నిసార్లు చెక్‌సమ్ తేడా. పాడైన బఫర్లని హెక్స్‌లో తీసి చూస్తే ప్రతి 64 కేబీ ముక్కలో మొదటి 4096 బైట్లు ఎప్పుడూ సరిగ్గా ఉన్నాయి, తేడా ఎప్పుడూ ఆ తర్వాతే. మొదట ర్యామ్ అనుకున్నారు, తర్వాత నెట్‌వర్క్ అనుకున్నారు. నేను ఆ 4096 మీదే కూర్చున్నాను, ర్యామ్ పాడైతే ఇంత క్రమంగా పాడవదు. చివరికి తేలిందేమిటంటే కార్డు 64 కేబీకి ఒక బిట్ చొప్పున లెక్క ఇస్తోంది, డ్రైవర్ దాన్ని పైకి చెప్పేటప్పుడు ఆ ముక్కలో మొదటి 4 కేబీ పేజీ బిట్ ఒక్కటే వేస్తోంది. మిగతా 15 పేజీలు శుభ్రం అని వెళ్లిపోతున్నాయి. అవి వేరే కారణంతో మళ్లీ డర్టీ అయినప్పుడు పాస్, కానప్పుడు ఫెయిల్.

ఇది ప్రొడక్షన్‌లో జరిగి ఉంటే ఏ కస్టమర్‌కి ఎప్పుడు తెలిసేదో కూడా చెప్పలేను. అందుకే డివైస్ ట్రాకర్ ఉన్న కార్డు ఏది వచ్చినా వెరిఫై లోడ్ నడుస్తుండగా మైగ్రేట్ చేసి చూడకుండా సంతకం పెట్టకండి.

తుంగభద్ర
సత్యం గారి పోస్ట్ పిన్ చేయాలి. దానికి ఇంకోటి కలుపుతాను, సొంతంగా ట్రాకింగ్ కోడ్ రాసేవాళ్ల కోసం. వరుస ముఖ్యం. బిట్ చదివి, క్లియర్ చేసి, ఆ తర్వాత పేజీ కాపీ చేయాలి. ముందు కాపీ చేసి తర్వాత క్లియర్ చేస్తే మధ్యలో డివైస్ రాసినది పోతుంది. కాపీలో లేదు, బిట్ కూడా లేదు. సరైన వరుసలో అయితే ఒక పేజీ అనవసరంగా రెండుసార్లు వెళ్లొచ్చు, అంతకు మించి నష్టం లేదు.

ఐఓఎంఎంయూలో ఇంకో మెట్టు. టేబుల్‌లో బిట్ క్లియర్ చేసినా ఐఓటీఎల్‌బీ (ఐఓఎంఎంయూ తన టేబుల్ ఎంట్రీలు దాచుకునే) క్యాష్‌లో ఆ పేజీ ఇప్పటికే డర్టీ అని ఉంటే, డివైస్ మళ్లీ రాసినప్పుడు హార్డ్‌వేర్ టేబుల్ దాకా వెళ్లి బిట్ వేయదు. కాబట్టి క్లియర్ చేశాక ఐఓటీఎల్‌బీ ఫ్లష్ తప్పనిసరి. చివరిది, ఆఖరి బిట్‌మ్యాప్ డివైస్ ఆగాకే చదవాలి. వీసీపీయూలు ఆగితే చాలదు, కార్డు ఇంకా ప్యాకెట్లు పెడుతూనే ఉంటుంది.

మిర్చిబజ్జి64
ఆర్డీఎంఏ ఉన్న వీఎంల సంగతేమిటి? మా దగ్గర 100 గిగాబిట్‌లో అవతలి యంత్రం నేరుగా గెస్ట్ మెమరీలో రాస్తుంటుంది.

నీలితెర
పెద్ద రేంజ్‌లో నిండా రాస్తుంటే సెకనుకు 12.5 జీబీ దాకా డర్టీ. మైగ్రేషన్ లింకు 25 గిగాబిట్ అయితే 3 జీబీ చిల్లర పంపగలం. ట్రాకర్ ఎంత బాగున్నా లెక్క కలవదు. ఆటో-కన్వర్జ్ గెస్ట్ సీపీయూని నొక్కుతుంది, అవతలి యంత్రాన్ని కాదు. వీఎఫ్‌కి రేట్ లిమిట్ పెడదామంటే మ్యాక్స్-టీఎక్స్-రేట్ పంపేవాటికే, డర్టీ చేసేది వచ్చేవి. అవతలి వైపు నుంచే ట్రాఫిక్ తగ్గించాలి.

రాత్రిషిఫ్ట్
అప్‌డేట్. శనివారం ఓరుగల్లు గారు చెప్పినట్టు బాండ్ వేసి, వీఎఫ్ తీసి, మైగ్రేట్ చేసి, అవతల వీఎఫ్ మళ్లీ పెట్టాం. డేటాబేస్ టీంకి ఒక్క అలర్ట్ రాలేదు. చాలా థాంక్స్ అన్నా.

ఇప్పుడు శాశ్వత పరిష్కారం. టెస్ట్ ర్యాక్‌లో కొత్త ఇంటెల్ సర్వర్లు రెండు ఉన్నాయి. కెర్నల్ 6.12, క్యూఎము 9.2 వేశాను. మా సర్వర్‌లో ఐఓఎంఎంయూ డర్టీ ట్రాకింగ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

తుంగభద్ర
సిస్‌ఎఫ్ఎస్‌లో ఐఓఎంఎంయూ కింద డీమార్0లో ఈక్యాప్ (హార్డ్‌వేర్ సామర్థ్యాలు చెప్పే రిజిస్టర్) విలువ చూడండి. సున్నా నుంచి లెక్కపెడితే 45వ బిట్ ఉండాలి. స్కేలబుల్ మోడ్ కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే బూట్ లైన్‌లో ఇంటెల్ ఐఓఎంఎంయూకి ఎస్ఎం_ఆన్ ఇవ్వండి. ఆ తర్వాత క్యూఎములో ఐఓఎంఎంయూఎఫ్‌డీ ఆబ్జెక్ట్ ఒకటి పెట్టి, వీఎఫ్ఐఓ డివైస్‌కి దాన్ని జత చేయాలి. పాత వీఎఫ్ఐఓ కంటైనర్ పద్ధతిలోనే ఉంచితే కెర్నల్ ఎంత కొత్తదైనా మళ్లీ మొత్తం ర్యామ్ డర్టీయే.

రాత్రిషిఫ్ట్
బిట్ ఉంది. జత చేశాను. ఈసారి రెండో రౌండ్‌లో మిగిలింది ఒక్కసారిగా పడిపోయింది, చూసి చాలా సంతోషం వేసింది. కానీ కొన్ని జీబీల దగ్గర ఆగిపోయి అక్కడే ఊగుతోంది. తగ్గినా పెరిగినా సరిగ్గా జీబీ లెక్కన గెంతుతోంది. నెట్‌వర్క్‌లో పింగ్‌లు తప్ప ఏమీ లేవు.

నీలితెర
గెస్ట్ మెమరీ 1 జీబీ హ్యూజ్‌పేజీల (మామూలు 4 కేబీకి బదులు పెద్ద పేజీలు) మీద ఉందా?

రాత్రిషిఫ్ట్
అవును, టెంప్లేట్‌లో అలాగే ఉంది.

నీలితెర
అదే. ఐఓఎంఎంయూ కూడా 1 జీబీ పేజీలతో మ్యాప్ చేసి ఉంటే ఒక పింగ్ పడినా ఆ 1 జీబీ మొత్తం డర్టీ. లెక్క చూడండి. 25 గిగాబిట్‌లో 1 జీబీ పంపడానికి దాదాపు 340 మిల్లీసెకన్లు, మీ డౌన్‌టైమ్ లిమిట్ 300. అంటే డివైస్ ఒక్క పేజీ తాకుతున్నా క్యూఎము ఎప్పటికీ వీఎంని ఆపే నిర్ణయానికి రాదు. 2 ఎంబీ హ్యూజ్‌పేజీలకి మార్చండి.

పేజీటేబుల్
నీలితెర మొదట్లో అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. ఐఓఎంఎంయూఎఫ్‌డీలో పెద్ద పేజీలు కలపకుండా అన్నీ 4 కేబీతో మ్యాప్ చేసే ఆప్షన్ కెర్నల్ వైపు ఉంది. కానీ ఐఓటీఎల్‌బీ మిస్‌లు పెరిగి మామూలు రోజుల్లో కూడా కార్డు వేగం దెబ్బతింటుంది. ఎప్పుడో ఒకసారి చేసే మైగ్రేషన్ కోసం రోజూ ఆ ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. 2 ఎంబీ మధ్యస్థంగా బాగుంటుంది.

రాత్రిషిఫ్ట్
2 ఎంబీతో లేపాను. మిగిలింది వందల ఎంబీలోకి దిగి, వీఎం ఆగి, అవతల లేచింది. డేటాబేస్ లోడ్ పెట్టి కూడా చేశాను, రౌండ్లు ఎక్కువ పట్టాయి కానీ వెళ్లింది. డేటాబేస్ డిస్క్ వర్టియో-బ్లాక్ కాబట్టి ఆ రాతలు క్యూఎము లెక్కలోనే ఉన్నాయి. టెంప్లేట్‌లో హ్యూజ్‌పేజీ సైజు మార్పు, ఐఓఎంఎంయూఎఫ్‌డీ, ఎనేబుల్-మైగ్రేషన్ తిరిగి ఆటో, ఈ మూడూ పెట్టి రివ్యూకి పంపాను.

సర్వర్‌రూం_సత్యం
రివ్యూ ఓకే అయినా ప్రొడక్షన్‌కి వెళ్లేముందు వెరిఫై లోడ్‌తో ఒక రాత్రంతా అటూ ఇటూ తిప్పండి. డిస్క్‌కి ఎఫ్ఐఓ సరిపోతుంది. వీఎఫ్‌కి మాత్రం నెట్‌వర్క్ ద్వారా పెద్ద ఫైళ్లు తెప్పించి, గెస్ట్‌లో డిస్క్‌కి రాయకుండా టీఎంపీఎఫ్ఎస్‌లోనే (ర్యామ్‌లో ఉండే ఫైల్ సిస్టమ్) ఉంచి, మైగ్రేషన్ అయ్యాక షా256 చెక్‌సమ్ చూడండి.

రాత్రిషిఫ్ట్
ఈ రాత్రికే పెడుతున్నాను. రెండు రకాలూ కలిపి నడుపుతా, పొద్దున ఇక్కడే రాస్తాను.